ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో యాత్రికుల వసతి

ఉదయగిరి, ఆత్మకూరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని రెండు ముఖ్య పట్టణాలు. ఉదయగిరి దుర్గం, అనుమసముద్రంపేట దర్గా, సోమశిల జలాశయం, ఘటిక సిద్ధేశ్వరం మొదలైన ప్రదేశాలకు వచ్చే యాత్రికులు, ప్రభుత్వ కార్యాలయాలకు, పరీక్షలకు, వ్యాపారానికి వచ్చేవారు ఈ రెండు ఊళ్ళలో గానీ, వాటి పరిసరాలలో గానీ రాత్రి బస చేయవలసి వస్తుంది. పెద్ద నగరాలలో ఒకే పేరుతో, ఒకే ప్రమాణంతో నడిచే చౌక గొలుసు హోటళ్ళు ఉంటాయి. ఈ ప్రాంతంలో మాత్రం వసతి ప్రధానంగా స్థానిక లాడ్జీలు, సత్రాలు, ఆశ్రమాలు, ప్రభుత్వ అతిథి గృహాల రూపంలో లభిస్తుంది. గొలుసు హోటలులో సంస్థ పేరు ఇచ్చే హామీ ఇక్కడ ఉండదు కనుక గది మంచిచెడ్డలను ప్రయాణికుడే స్వయంగా పరీక్షించుకోవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో ఇక్కడి వసతి చరిత్ర, వసతి రకాలు, తక్కువ ఖర్చుతో సురక్షితమైన బసను ఎంచుకొనే పద్ధతి వివరించబడినవి.

భౌగోళిక నేపథ్యం

నెల్లూరు జిల్లాకు పడమటి హద్దుగా వెలిగొండలు ఉన్నాయి. ఆ కొండల తూర్పు వాలులో ఉదయగిరి, దానికి దక్షిణంగా పెన్నా నది వైపు ఆత్మకూరు ఉన్నాయి. ఆత్మకూరు నెల్లూరు నగరం నుండి బద్వేలు, మైదుకూరు వైపు వెళ్ళే 67వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న పురపాలక పట్టణం, రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఉదయగిరి నెల్లూరు నగరానికి వాయవ్యంగా సుమారు 100 కి.మీ. దూరంలో ఉన్న మండల కేంద్రం. కావలి నుండి కూడా ఉదయగిరికి రోడ్డు మార్గం ఉంది.

ఈ రెండు పట్టణాలకూ ఇప్పటివరకు ప్రయాణికుల రైలు సౌకర్యం లేదు. నడికుడి - శ్రీకాళహస్తి రైలుమార్గం పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు మీదుగా నిర్మాణంలో ఉన్నది. ప్రస్తుతానికి రైలులో వచ్చేవారు నెల్లూరులోనో, కావలిలోనో దిగి బస్సు ఎక్కవలసిందే. పగటిపూట బస్సులు తరచుగా ఉన్నా, పొద్దుపోయిన తరువాత గ్రామాల వైపు వెళ్ళే బస్సులు తగ్గిపోతాయి. చివరి బస్సు తప్పిన ప్రయాణికునికి ఆ రాత్రి ఎక్కడ గడపాలనేది అతిముఖ్యమైన ప్రశ్న. ఇక్కడ వసతి అవసరానికి మూలకారణం ఇదే.

చరిత్ర

సత్రాలు, పూటకూళ్ళు

ఉదయగిరి దుర్గం గజపతుల ఆధీనంలో ఉండగా శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాల ముట్టడి తరువాత 1514లో దానిని వశపరచుకొన్నాడు. తరువాతి కాలంలో ఈ కోట గోల్కొండ సుల్తానుల చేతికి, ఆపై ఆర్కాటు నవాబుల ప్రాబల్యంలోకి వెళ్ళింది. సైన్యాలు, రాజోద్యోగులు, వర్తకులు నిత్యం రాకపోకలు సాగించే ఇటువంటి దుర్గపట్టణాలకు వెళ్ళే బాటలలో నీడ, నీరు, తిండి ఏర్పాటు చేయడం పుణ్యకార్యంగా భావించబడేది. బావి, చలివేంద్రం, మండపం, సత్రం ఒకే ధర్మంలో భాగాలుగా ఉండేవి.

తెలుగునాట ఉచిత వసతి, సొమ్ము చెల్లించే వసతి రెండూ పూర్వం నుండి ఉన్నాయి. సత్రంలో బస ఉచితం. పూటకూళ్ళ ఇంటిలో సొమ్ము చెల్లించి భోజనం చేసేవారు. ఓరుగల్లులోని పూటకూళ్ళ ఇంటిలో ఒక రూకకు లభించే భోజనం గురించి క్రీడాభిరామంలో వర్ణన ఉన్నది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకంలో పూటకూళ్ళమ్మ ఒక ముఖ్యపాత్ర. నేటి చౌక హోటలుకు తెలుగునాట పూర్వరూపం ఈ పూటకూళ్ళ ఇల్లేనని చెప్పవచ్చు.

1830 మే నెలలో మద్రాసు నుండి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ సత్రం ఉన్నదీ లేనిదీ, నీటి వసతి ఎటువంటిదీ, అంగళ్ళలో ఏమి దొరికేదీ వ్రాసి ఉంచాడు. తరువాత వచ్చే యాత్రికులకు పనికివచ్చే ఈ వివరాల వలన ఆ గ్రంథం తెలుగులో తొలి యాత్రాదర్శినులలో ఒకటిగా పరిగణించబడుతున్నది. బస చేసే చోట నీరు, భద్రత, తిండి ఎలా ఉన్నాయో ముందుగా తెలుసుకోవాలన్న సూత్రం నాటికీ నేటికీ మారలేదు.

కంపెనీ, బ్రిటిషు పాలన

మద్రాసు రాష్ట్రంలో సత్రాలకు ఇచ్చిన మాన్యాలు దుర్వినియోగం కాకుండా చూసే బాధ్యతను 1817 నాటి 7వ రెగ్యులేషన్ రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1884లో మద్రాసు స్థానిక సంస్థల చట్టం వచ్చిన తరువాత రోడ్లతోపాటు సత్రాలు, ప్రయాణికుల బంగళాల నిర్వహణ కూడా స్థానిక బోర్డుల పనులలో చేరింది. ఉదయగిరి, ఆత్మకూరు రెండూ ఆనాటి నెల్లూరు జిల్లాలో తాలూకా కేంద్రాలు. పర్యటనకు వచ్చే అధికారుల కోసం తాలూకా కేంద్రాలలో ముసాఫరు బంగళాలు, సాధారణ ప్రజల కోసం సత్రాలు ఉండడం ఆ కాలపు పద్ధతి. ఈ బంగళాల స్థానంలో స్వాతంత్ర్యానంతరం రోడ్లు భవనాల శాఖ, నీటిపారుదల శాఖ, అటవీ శాఖల అతిథి గృహాలు వచ్చాయి.

కుల వివక్ష, చట్టం

పూర్వపు సత్రాలు ఉచితమైనవే గానీ అందరికీ తెరచి ఉన్నవి కావు. చాలా సత్రాలు ఒక కులానికి పరిమితమై ఉండేవి. మరికొన్నిటిలో వంటశాల, బావి, పడక వేరువేరుగా ఉండేవి. దళితులకు ప్రవేశమే లేని చోట్ల వారు చెట్టు క్రిందో, ఊరి బయటో రాత్రి గడపవలసి వచ్చేది. డబ్బు ఉన్నా లేకున్నా కులాన్ని బట్టి తలుపు తెరిచే ఈ పద్ధతికి భారత రాజ్యాంగం 15వ అధికరణం రెండవ ఖండం ద్వారా ముగింపు పలికింది. హోటళ్ళలో ప్రవేశానికి మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరునికీ అడ్డంకి ఉండరాదని ఆ ఖండం చెబుతుంది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ప్రకారం అస్పృశ్యత కారణంగా హోటలు, ధర్మశాల, సరాయి, ముసాఫిర్ ఖానాలలో ఎవరినైనా నిరాకరించడం శిక్షార్హమైన నేరం. 1976 నుండి ఈ చట్టం పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పిలువబడుతున్నది.

సొమ్ము చెల్లించిన వారెవరికైనా గది ఇచ్చే లాడ్జీలు వ్యాపించడం వలన చిన్న పట్టణాలలో కులం అడగకుండా బస దొరికే అవకాశం పెరిగింది. లాడ్జీల సామాజిక ప్రాముఖ్యాన్ని అంచనా వేసేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోదగినది.

చౌక గొలుసు హోటళ్ళు

ఒకే సంస్థ పేరుతో అనేక ఊళ్ళలో ఒకే నమూనాలో నడిచే హోటళ్ళను గొలుసు హోటళ్ళు అంటారు. వీటిలో చౌక రకానికి పేరుపొందిన మోటెల్ 6 అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం శాంటా బార్బరాలో 1962లో మొదలైంది. రాత్రికి 6 డాలర్ల అద్దె కావడం వలన దానికి ఆ పేరు వచ్చింది. 1980వ దశకంలో ఫ్రాన్సులో ఫార్ములా 1, జపానులో టోయోకో ఇన్ ఇదే మార్గంలో వచ్చాయి.

ఈ రకం హోటళ్ళు అత్యధికంగా పెరిగిన దేశాలలో చైనా ఒకటి. షాంఘైలో 1997లో జిన్‌జియాంగ్ ఇన్, బీజింగులో 2002లో హోమ్ ఇన్ ప్రారంభమయ్యాయి. 2005లో హాన్‌టింగ్, సెవెన్ డేస్ ఇన్ వచ్చాయి. విందు మందిరాలు, ఈతకొలనులు, పెద్ద భోజనశాలలు లేకుండా శుభ్రమైన పడక, వేడినీరు, తాళం సరిగా పడే తలుపు మాత్రమే అందించడం వీటి సూత్రం. పాత భవనాలను దీర్ఘకాల అద్దెకు తీసుకొని, గదులన్నిటినీ ఒకే కొలతలో మార్చి, తక్కువ సిబ్బందితో నడపడం వలన అద్దె తగ్గుతుంది. చైనాలో విదేశీయుల బసను పోలీసుల వద్ద నమోదు చేయవలసి ఉండడంతో కొన్ని చౌక హోటళ్ళు వారికి గది ఇచ్చేవి కావు. విదేశీయులను అలా నిరాకరించరాదని 2024లో చైనా ప్రభుత్వం స్పష్టం చేసింది.

భారతదేశంలో టాటా సంస్థకు చెందిన ఇండియన్ హోటల్స్ కంపెనీ 2004లో బెంగుళూరులో ఇండివన్ పేరుతో ఒక చౌక హోటలును ప్రారంభించింది. తరువాత ఇది జింజర్ అనే గొలుసుగా మారింది. 2013లో మొదలైన ఓయో సంస్థ మరొక పద్ధతిని అనుసరించింది. కొత్త హోటళ్ళు కట్టకుండా, అప్పటికే ఉన్న చిన్న లాడ్జీలకు తన పేరు, బుకింగ్ ఏర్పాటు ఇచ్చి, రాబడిలో వాటా తీసుకోవడం ఈ పద్ధతి. ఈ సంస్థ 2017లో చైనాలో కూడా ప్రవేశించింది. ప్రభుత్వ రంగంలో ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ మొదట పున్నమి, తరువాత హరిత అనే పేర్లతో పర్యాటక కేంద్రాలలో హోటళ్ళను నెలకొల్పింది.

గొలుసు హోటలు నిలదొక్కుకోవాలంటే ఏడాది పొడవునా గదులు నిండే రద్దీ కావాలి. ఉదయగిరి, ఆత్మకూరు వంటి చోట్ల రద్దీ సమానంగా ఉండదు. దర్గా గంధోత్సవం, శివరాత్రి, కార్తీకమాసం, పెళ్ళి ముహూర్తాలు, పరీక్షలు, ఎన్నికల సమయాలలో గదులు దొరకవు. మిగిలిన రోజులలో ఖాళీగా ఉంటాయి. స్వంత భవనంలో క్రింద దుకాణాలు, పైన గదులు ఉంచి కుటుంబ సభ్యులే చూసుకొనే లాడ్జీ ఈ ఎగుడుదిగుడులను తట్టుకొన్నట్లు జీతాలపై నడిచే హోటలు తట్టుకోలేదు.

వసతి రకాలు

లాడ్జీలు

బస్టాండు పరిసరాలలో, ప్రధాన వీధులలో ఉండే లాడ్జీలే సాధారణ ప్రయాణికునికి మొదటి ఆశ్రయం. గదులు సింగిల్, డబుల్, ఏసీ, నాన్ ఏసీ అనే తరగతులుగా ఉంటాయి. అద్దె ముందుగా చెల్లించి, దానితోపాటు కొంత అడ్వాన్సు ఉంచడం, ఖాళీ చేసేటప్పుడు లెక్క చూసి మిగిలినది తిరిగి తీసుకోవడం పరిపాటి. చాలా చిన్న లాడ్జీలలో భోజనశాల ఉండదు. పక్కనే ఉన్న మెస్సులు, టిఫిను హోటళ్ళపై ఆధారపడవలసి ఉంటుంది.

దర్గా పరిసరాలు

ఆత్మకూరుకు సమీపంలోని అనుమసముద్రంపేటలో హజరత్ ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఉంది. ఆయన సతీమణి హబీబా ఖాతూన్ సమాధి కూడా ఇక్కడే ఉన్నది. ఈ దర్గాకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల నుండి అన్ని మతాలవారూ వస్తారు. వచ్చినవారిలో ఎక్కువమంది ఒక రాత్రి నిద్ర చేయడం ఆచారం. కొందరు ఎక్కువ రోజులు కూడా ఉంటారు. దర్గా చుట్టూ అద్దె గదులు, లాడ్జీలు వెలిశాయి. మానసిక రుగ్మతలతో బాధపడేవారిని బంధువులు ఇక్కడికి తీసుకువచ్చే ఆచారం ఉన్నందున వసతి విషయంలో ప్రత్యేక జాగ్రత్తలు అవసరం.

ఆశ్రమాలు, అన్నసత్రాలు

సీతారామపురం మండలం బెడుసుపల్లెలో జన్మించి, 1995లో పరమపదించిన అవధూత కాశిరెడ్డి నాయన నెల్లూరు, ప్రకాశం, కడప, కర్నూలు ప్రాంతాలలో పాత ఆలయాలను పునరుద్ధరించి నిత్యాన్నదానాలు నెలకొల్పాడు. కడప జిల్లాలో ఆయన పేరిట కాశినాయన మండలం ఉంది. వెలిగొండల నడుమ ఉన్న ఘటిక సిద్ధేశ్వరం ఆయనతో సంబంధమున్న క్షేత్రాలలో ఒకటి. ఇటువంటి ఆశ్రమాలలో వేళకు వచ్చినవారికి ఉచితంగా భోజనం పెడతారు. పడకకు మాత్రం హాలు, వరండా, చాప వంటి సాధారణ ఏర్పాట్లనే ఆశించాలి. మద్యం, మాంసం నిషిద్ధం. శక్తి ఉన్నవారు ధాన్యమో, ధనమో సమర్పించడం మర్యాద.

ప్రభుత్వ అతిథి గృహాలు

రోడ్లు భవనాల శాఖ, జలవనరుల శాఖ, అటవీ శాఖల అతిథి గృహాలలో మొదటి ప్రాధాన్యం పర్యటనలో ఉన్న అధికారులకు, ప్రజాప్రతినిధులకు ఉంటుంది. ఖాళీ ఉన్నప్పుడు సంబంధిత ఇంజనీరు లేదా అధికారి అనుమతితో ఇతరులకు ఇవ్వవచ్చు. అనుమతి లభించినా, ఉన్నతాధికారి వస్తే గది ఖాళీ చేయవలసి రావచ్చు. అందువలన వీటిపై మాత్రమే ఆధారపడి ప్రయాణం పెట్టుకోరాదు.

నెల్లూరు, కావలి

గొలుసు హోటలు ప్రమాణాలు, రాత్రివేళ కూడా తెరచి ఉండే కౌంటరు, ముందుగా బుకింగ్ కావాలనుకొనేవారు నెల్లూరు నగరంలో బస చేసి పగటిపూట పశ్చిమ ప్రాంతానికి వెళ్ళి రావచ్చు. కావలి కూడా ఉదయగిరి వైపు వెళ్ళేవారికి రైలు దిగే చోటుగా ఉపయోగపడుతుంది.

పనిని బట్టి బస

ఎక్కడ బస చేయాలనేది వచ్చిన పనిపై ఆధారపడి ఉంటుంది.

ఉదయగిరి దుర్గం: కొండ ఎత్తు సముద్రమట్టం నుండి సుమారు 3,079 అడుగులు. కోట గోడలు, ఆలయాలు, మసీదు, కోనేరులు చూసి దిగడానికి పగలంతా పడుతుంది. కొండపై వసతి గృహాలు, దుకాణాలు లేవు. ఎండ ముదరక ముందే ఎక్కడం మొదలుపెట్టాలి కనుక ముందురోజు రాత్రి ఉదయగిరిలోనే ఉండడం మేలు. కొండపై రాత్రి గడపడం క్షేమం కాదు.

చెక్క చెంచాల కొనుగోలు: ఉదయగిరి చెక్కతో చేసే గరిటెలు, చెంచాలు, ఫోర్కులకు ప్రసిద్ధి. ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. కొనుగోలుకు మాత్రమే వచ్చేవారు ఉదయం వచ్చి సాయంత్రానికి నెల్లూరు చేరవచ్చు.

దర్గా దర్శనం: రాత్రి నిద్ర మొక్కుబడి ఉన్నవారు అనుమసముద్రంపేటలోనే ఉండాలి. మిగిలినవారు ఆత్మకూరులో బస చేస్తే బస్సులు, మందుల దుకాణాలు, ఆసుపత్రి దగ్గరగా ఉంటాయి.

సోమశిల: పెన్నా నదిపై 78 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన ఈ జలాశయానికి ఆత్మకూరు నుండి అనంతసాగరం మీదుగా వెళ్ళాలి. ఆత్మకూరులో బస అనుకూలం.

ఘటిక సిద్ధేశ్వరం, భైరవకోన: ఘటిక సిద్ధేశ్వరం సీతారామపురం మండలంలో ఉంది. భైరవకోన గుహాలయాలు చంద్రశేఖరపురం మండలంలో ఉన్నాయి. రెంటికీ ఉదయగిరి దగ్గరి పట్టణం. సాయంత్రం తిరుగు బస్సు వేళను దిగిన వెంటనే అడిగి తెలుసుకోవాలి.

కార్యాలయాల పని: డివిజన్ స్థాయి కార్యాలయాలు ఆత్మకూరులో ఉన్నాయి. మొదటి రోజు పని పూర్తి కాకపోవచ్చునని భావించి రెండవ రోజుకు కూడా గది దొరుకుతుందో లేదో ముందే అడగడం మంచిది.

గది ఎంపికలో గమనించవలసిన విషయాలు

ఊరి పేరు సరిచూసుకొనుట

ఆత్మకూరు అనే పేరుతో తెలుగు రాష్ట్రాలలో అనేక ఊళ్ళు ఉన్నాయి. నంద్యాల జిల్లాలో శ్రీశైలం దారిలో ఒక ఆత్మకూరు, అనంతపురం జిల్లాలో ఒకటి, తెలంగాణలోని వనపర్తి జిల్లాలో మరొకటి ఉన్నాయి. ఉదయగిరి పేరు ఒడిషాలోని భువనేశ్వరం వద్ద గల గుహలకు, మధ్యప్రదేశ్‌లోని విదిశ వద్ద గల గుహలకు, తమిళనాడులోని కన్యాకుమారి జిల్లా కోటకు కూడా ఉన్నది. సెల్‌ఫోనులో గది వెదికేటప్పుడు జిల్లా పేరు, పిన్‌కోడు సరిచూడకుండా డబ్బు చెల్లిస్తే వందల కిలోమీటర్ల అవతలి ఊరిలో గది తీసుకొన్నట్లవుతుంది. చెల్లించే ముందు ఆ లాడ్జీకి స్వయంగా ఫోను చేసి, ఏ బస్టాండుకు దగ్గరో అడగడం సులభమైన పరీక్ష.

రోజు లెక్క

గొలుసు హోటళ్ళలో సాధారణంగా మధ్యాహ్నం 12 గంటలకు గది ఇచ్చి, మరునాడు 11 లేదా 12 గంటలకు ఖాళీ చేయమంటారు. ఆంధ్ర ప్రాంతపు లాడ్జీలలో అనేకం 24 గంటల పద్ధతిని పాటిస్తాయి. రాత్రి 10 గంటలకు దిగిన వ్యక్తి మొదటి పద్ధతిలో 13 లేదా 14 గంటలు మాత్రమే గదిని వాడుకోగలడు. రెండవ పద్ధతిలో మరునాడు రాత్రి 10 గంటల వరకు ఉంచుకోవచ్చు. తెల్లవారుజామున 5 గంటలకు వచ్చినవారి నుండి మొదటి పద్ధతిలో కొన్నిచోట్ల రెండు రోజుల అద్దె వసూలు చేస్తారు. కనుక అద్దె ఎంత అని అడగడంతోపాటు గది ఎన్ని గంటల వరకు అని కూడా అడగాలి.

మొత్తం ఖర్చు

తక్కువ అద్దె గది ఎల్లప్పుడూ చౌక కాదు. ఉదాహరణకు బస్టాండు ప్రక్కన గది 700 రూపాయలు, ఊరి చివర గది 500 రూపాయలు అనుకొందాం. ఊరి చివరకు ఆటోకు రానుపోను 120 రూపాయలు, భోజనానికి మరొకసారి వచ్చి వెళ్ళడానికి మరో 120 రూపాయలు అయితే చౌక గదికి అయ్యే మొత్తం 740 రూపాయలు. అంటే 200 రూపాయలు ఆదా అవుతాయనుకొన్న చోట 40 రూపాయలు అధికంగా ఖర్చయినవి.

2025 ఆగష్టు 15న స్త్రీశక్తి పథకం ప్రారంభమైన తరువాత ఆంధ్రప్రదేశ్ నివాసులైన స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో ప్రయాణం ఉచితమైంది. దీనివలన స్త్రీలు పగలు పని చూసుకొని రాత్రికి నెల్లూరు చేరినా టికెట్టు ఖర్చు ఉండదు. ఇటువంటివారికి బస ఊరిని ఎంచుకొనడంలో ప్రయాణపు ఖర్చు కంటే సమయం, భద్రత ముఖ్యమైనవి.

నీరు, వేడి

ఏప్రిల్, మే నెలలలో, ముఖ్యంగా రోహిణీ కార్తెలో ఈ ప్రాంతంలో ఎండ తీవ్రంగా ఉంటుంది. పై అంతస్తు గది కప్పు పగలంతా కాగి రాత్రి వేడిని వదులుతుంది. నాన్ ఏసీ గది తీసుకొనేవారు పైన మరొక అంతస్తు ఉన్న గదిని, ఎదురెదురు కిటికీలు గల గదిని కోరడం మంచిది. విద్యుత్తు పోయినప్పుడు ఫ్యానుకు ఇన్వర్టరు ఉన్నదో లేదో అడగాలి. ఈశాన్య ఋతుపవనాల కాలంలో, అనగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, తుఫాను వర్షాలకు గోడల చెమ్మను గమనించాలి.

పశ్చిమ మండలాలలో భూగర్భజలంలో ఫ్లోరైడు అధికంగా ఉన్న గ్రామాలు ఉన్నాయి. కుళాయి నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు తొలగదు. త్రాగడానికి శుద్ధిచేసిన నీటిని వాడుకోవాలి.

గదిని చూచుట

సొమ్ము చెల్లించే ముందు గదిని చూపమని అడగడం ప్రయాణికుని హక్కు. చూసేటప్పుడు ఈ క్రింది విషయాలు గమనించాలి.

- తలుపుకు లోపలి గడియ గట్టిగా పడుతున్నదా, కిటికీలకు జాలీ ఉన్నదా.
- దుప్పటి, దిండు గలీబు ఉతికినవేనా. పరుపు అంచుల కుట్లలో నల్లి మచ్చలు ఉన్నాయా.
- కుళాయిలో నీరు వస్తున్నదా, మరుగుదొడ్డిలో నీరు పోతున్నదా.
- వేడినీరు గీజరు ద్వారా ఇస్తారా, బకెట్టుతో ఇస్తారా, ఏ వేళలలో ఇస్తారు.
- గదికి బయట రాత్రంతా దీపం, కౌంటరు వద్ద మనిషి ఉంటారా.

అగ్ని భద్రత

చౌక వసతిలో అన్నిటికంటే తక్కువగా పట్టించుకొనేది, అన్నిటికంటే ప్రమాదకరమైనది అగ్ని భద్రత. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ ద్విచక్ర వాహనాల దుకాణం పైన ఉన్న ఒక లాడ్జీలోకి మంటలు, పొగ వ్యాపించి 8 మంది మరణించారు. క్రింద దుకాణం, పైన గదులు ఉండే నమూనా చిన్న పట్టణాలలో సర్వసాధారణం. కనుక క్రింద ఏమి నిలువ ఉంచుతున్నారో, రెండవ మెట్లదారి ఉన్నదో లేదో, అది తాళం వేసి ఉన్నదో చూడడం అవసరం. వీలైతే మొదటి అంతస్తు గదిని ఎంచుకోవాలి.

తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగష్టు 6న దర్గా సమీపంలోని ఒక మానసిక రోగుల వసతి పాకకు నిప్పంటుకొని, గొలుసులతో కట్టివేయబడి ఉన్న 28 మంది రోగులు మరణించారు. అప్పటి నుండి ఇటువంటి కేంద్రాలపై న్యాయస్థానాల, ప్రభుత్వాల దృష్టి పెరిగింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. రోగితో ప్రార్థనా స్థలానికి వచ్చే కుటుంబం తాము ఎల్లవేళలా వెంట ఉండగల గదిని తీసుకోవాలి. వైద్యుడు ఇచ్చిన మందులను మానరాదు. రోగిని అపరిచితుల వద్ద వదలిపెట్టరాదు.

గుర్తింపు పత్రాలు, పన్నులు

లాడ్జీలో దిగేవారు రిజిస్టరులో పేరు, చిరునామా, వచ్చిన పని వ్రాసి, గుర్తింపు పత్రం చూపవలసి ఉంటుంది. ఆధార్ మాత్రమే కాక ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు కూడా చూపవచ్చు. ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఇవ్వడం క్షేమం. విదేశీయులు దిగినప్పుడు యజమాని 24 గంటలలోగా అధికారులకు తెలియజేయాలి. ప్రవాస తెలుగువారిలో విదేశీ పౌరసత్వం తీసుకొన్నవారు స్వగ్రామానికి వచ్చి లాడ్జీలో దిగినా ఈ నియమం వర్తిస్తుంది.

రోజుకు 1,000 రూపాయల లోపు అద్దె గల గదులకు 2022 జూలై 17 వరకు వస్తు సేవల పన్ను లేదు. ఆ మరునాటి నుండి 12 శాతం విధించబడింది. 2025 సెప్టెంబరు 22 నుండి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె గల గదులపై పన్ను 5 శాతానికి తగ్గింది. సంవత్సర రాబడి 20 లక్షల రూపాయలు దాటని చిన్న లాడ్జీ పన్ను రిజిస్ట్రేషను చేసుకోనవసరం లేదు. అటువంటి లాడ్జీ పన్ను పేరుతో అదనపు సొమ్ము వసూలు చేయరాదు. బిల్లుపై జీఎస్టీ నంబరు లేనిదే పన్ను చెల్లించనవసరం లేదని ప్రయాణికుడు తెలుసుకోవాలి. నమోదైన ధార్మిక సంస్థలు తమ క్షేత్రాలలో రోజుకు 1,000 రూపాయల లోపు అద్దెకు ఇచ్చే గదులకు పన్ను మినహాయింపు ఉన్నది.

ఒంటరి స్త్రీలు, వృద్ధులు

కొన్ని చిన్న లాడ్జీలు ఒంటరిగా వచ్చిన స్త్రీలకు గది ఇవ్వడానికి వెనుకాడుతాయి. లింగభేదం కారణంగా హోటలులో ప్రవేశం నిరాకరించడం రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధం. అయినా రాత్రివేళ వాదనకు దిగవలసిన అవసరం రాకుండా పగలే ఫోను చేసి గది ఖాయం చేసుకోవడం, సాయంత్రంలోగా చేరడం ఆచరణలో ఉపయోగకరం. కుటుంబాలు ఎక్కువగా దిగే లాడ్జీ, కౌంటరుకు దగ్గరగా ఉండే గది మేలు. గది ఎక్కడా దొరకనప్పుడు నిర్జన ప్రదేశంలో ఉండకుండా బస్టాండులో జనం ఉన్న చోట ఉండి, 112 నంబరుకు గానీ, మహిళా సహాయ నంబరు 181కు గానీ ఫోను చేయవచ్చు.

వృద్ధులకు మెట్లు లేని క్రింది అంతస్తు, పాశ్చాత్య తరహా మరుగుదొడ్డి ఉన్నవో లేవో ముందుగా అడగాలి. చిన్న లాడ్జీలలో లిఫ్టు ఉండడం అరుదు.

వసతి, పర్యాటకం

ఉదయగిరి దుర్గం వంటి చారిత్రక ప్రదేశానికి వచ్చేవారు ఒక పగటితో తిరిగి వెళ్ళిపోతే స్థానికులకు కలిగే రాబడి తక్కువ. ఒక రాత్రి బస చేసిన యాత్రికుడు రెండు పూటలు భోజనం చేస్తాడు, ఆటో ఎక్కుతాడు, చెక్క చెంచాలు కొంటాడు. చిన్న పట్టణంలో శుభ్రమైన గది ఒకటి ఉంటే దాని చుట్టూ అనేకమందికి జీవనోపాధి ఏర్పడుతుంది. రైలుమార్గం పూర్తయితే రాకపోకలు పెరిగి కొత్త హోటళ్ళు రావచ్చు. అయితే రైలు వలన యాత్రికులు అదేరోజు తిరిగి వెళ్ళే వీలు కూడా కలుగుతుంది కాబట్టి రాత్రి బసలు పెరగడం వసతి నాణ్యతపైనే ఆధారపడుతుంది.

గొలుసు హోటళ్ళు ప్రపంచమంతటా విజయవంతమైనది విలాసం వలన కాదు. ఉతికిన దుప్పటి, పారే నీరు, పడే గడియ, మాట తప్పని అద్దె అనే నాలుగింటిని ప్రతి చోటా నిలకడగా ఇవ్వడం వలన. ఇవి నాలుగూ పెద్ద పెట్టుబడి లేకుండా చిన్న లాడ్జీ యజమాని కూడా ఇవ్వగలిగినవే.

వర్గాలు: నెల్లూరు జిల్లా, పర్యాటకం, రవాణా, వసతి